బ్రిటనీ తీరపు పల్లెల్లో పిల్లలతో సెలవులు: భోజనం వేళ కన్నా ముందు పోటు వేళ చూసుకోండి

విశాఖ, బాపట్ల, మంగినపూడి చూసి పెరిగినవాళ్లకు సముద్రమంటే కెరటం. ఎంత ఎత్తు లేస్తోంది, కాళ్లకింద ఇసుకను ఎంత బలంగా లాగుతోంది, చూసేది అంతే. నీటి అంచు పొద్దున ఉన్న చోటికి అటూ ఇటూగానే సాయంత్రమూ ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరూ పట్టించుకోరు. విశాఖలో ఆటుకీ పోటుకీ తేడా ఒకటిన్నర మీటరు దరిదాపుల్లోనే. ఫ్రాన్సులో బ్రిటనీ ఉత్తర తీరాన, సెయింట్ మాలో చుట్టుపక్కల, ఆ తేడా పెద్ద పోట్ల రోజుల్లో 12 మీటర్లు దాటుతుంది.

అక్కడి పల్లెల్లో కెరటాలు చాలా రోజులు చిన్నవే. ఊరు నిశ్శబ్దంగా, ఇసుక మెత్తగా ఉంటుంది. మన కళ్లకు భయపడాల్సిందేమీ కనిపించదు, చిక్కు అక్కడే. కాంకాల్, సెయింట్ జాకు, కారంటెక్, ప్లూమనాక్ లాంటి చోట్ల వారం గడపబోయే కుటుంబం రోజును పోటు వేళ చుట్టూ పేర్చుకోవాలి. ఎండ క్రీమూ టోపీలూ తరవాతి సంగతి.

పట్టిక ఎలా చదవాలి

ఆటుపోట్ల పట్టిక టూరిస్టు ఆఫీసులో, రేవు ఆఫీసులో దొరుకుతుంది. సముద్ర పటాలు తయారుచేసే ఫ్రెంచి ప్రభుత్వ సంస్థ షోమ్ తన సైటులో ఉచితంగా చూపిస్తుంది. మీరు దిగే ఊరికి దగ్గరి రేవునే ఎంచుకోండి. బ్రెస్ట్‌కీ సెయింట్ మాలోకీ పోటు వేళల్లో దాదాపు రెండు గంటల తేడా ఉంది. బ్రిటనీ అంతా ఒకటే కదా అనుకుని తప్పు రేవు చూస్తే ఆ రెండు గంటలూ నీళ్లలోనే తేలతాయి.

పట్టికలో పి.ఎం. అని కనిపిస్తే మధ్యాహ్నం వేళ అనుకోకండి. అది నిండు పోటుకు ఫ్రెంచి పొడి అక్షరాలు. బి.ఎం. అంటే నీరు పూర్తిగా తీసిన ఆటు. వేళలన్నీ 24 గంటల లెక్కలోనే ఉంటాయి. కొన్ని అచ్చు పట్టికలు ఏడాది పొడవునా శీతాకాలపు సమయంలోనే వేస్తారు. పేజీ పైన ఆ మాట ఉంటే, మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా ఒక గంట కలుపుకోవాలి.

వేళల పక్కన, ఆ పోటు ఎంత పెద్దదో చెప్పే అంకె 20 నుంచి 120 దాకా ఒకటి ఉంటుంది, దాన్ని కోఎఫిషియెంట్ అంటారు. 70 సగటు. 45 ఉన్న రోజు సెయింట్ మాలోలో నీరు 5 మీటర్ల లోపో పైనో ఎక్కి దిగుతుంది. 95 దాటితే తేడా 10 మీటర్లు దాటుతుంది. తెలుగు క్యాలెండరు ఉన్న ఇంట్లో ఇది ముందే పసిగట్టవచ్చు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటిన్నర రెండు రోజులకు, అంటే పాడ్యమి విదియల్లో, ఆ పక్షపు పెద్ద పోట్లు. అష్టమి దాటాక నవమి దశముల ప్రాంతంలో చిన్నవి. చంటిపిల్లలతో వెళ్లేవారు టికెట్లు కొనేటప్పుడే తిథి చూసి చిన్న పోట్ల వారం ఎంచుకోవడం మంచిది. తిథి గంట చెప్పదు, గంటకు మాత్రం పట్టికే దిక్కు. మార్చి, సెప్టెంబరు నెలల్లో పగలూ రాత్రీ సమమయ్యే రోజుల దగ్గర పడే పోట్లు ఏడాదిలో అన్నిటికన్నా పెద్దవి.

నీరు ఎప్పుడు పరుగెడుతుంది

ఆటు నుంచి పోటుకు సుమారు 6 గంటలు. నీరు ఆ 6 గంటలూ ఒకే జోరుతో ఎక్కదు. మొత్తం ఎత్తును 12 పాళ్లు చేస్తే, మొదటి గంటలో 1 పాలు, రెండో గంటలో 2, మూడూ నాలుగూ గంటల్లో 3 చొప్పున, ఐదో గంటలో 2, చివరి గంటలో 1. తేడా 12 మీటర్లున్న రోజు మొదటి గంటలో మీటరే ఎక్కుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మూడో గంటలో 3 మీటర్లు, అంటే నిమిషానికి 5 సెంటీమీటర్లు. పిల్లాడి బకెట్టు వెతకడానికి పది నిమిషాలు పడితే ఆలోగా అరమీటరు నీరు, అయిదేళ్ల పిల్లకు తొడల దాకా. ఇది అంచనా లెక్క మాత్రమే. సెయింట్ మాలో వైపు నీరు దిగడానికి పట్టినంత సేపు ఎక్కడానికి పట్టదు, కాబట్టి ఇంకాస్త ముందే తేరుకోవాలి.

ఆ వైపు పెద్ద పోట్ల రోజుల్లో నీరు అడుగంటేది వేసవిలో సుమారుగా మధ్యాహ్నం రెండున్నర, నాలుగున్నర మధ్య. భోజనం చేసి అందరూ హాయిగా ఇసుకలోకి నడిచే వేళ అది. పిల్లలు ఆటలో మునిగిన అయిదు, ఆరు గంటలకు నీరు తన జోరు వేళకు చేరుతుంది. దూరం నడవాలంటే ఆటుకు రెండు గంటల ముందు, దిగే నీటి వెనకాలే బయల్దేరండి. ఆటు వేళ కొట్టగానే ఎక్కడున్నా వెనక్కి తిరగండి. ఫోనులో ఆ వేళకు అరగంట ముందు అలారం పెట్టుకోండి.

నీరు ఎదురుగా వస్తుందనే చూస్తారు అందరూ. చదును తీరాల్లో అది వెనకనుంచి వస్తుంది. ఇసుకలో పల్లపు కాలవలు ఉంటాయి, పోటు ముందు వాటిని నింపి, మీరు నిలబడ్డ దిబ్బను దీవి చేసి, ఆ తరవాతే కాళ్ల దగ్గరికొస్తుంది. వెళ్లేటప్పుడు చీలమండ లోతు కాలవ దాటారంటే, తిరుగుదారిలో మొదట మునిగేది అదేనని గుర్తుపెట్టుకోండి.

కూర్చునే చోటును రాయే చెబుతుంది. గ్రానైటు బండల మీద పైన బూడిద, పసుపు రంగు మచ్చలు, వాటి కింద తారు పూసినట్టు నల్లటి పట్టీ కనిపిస్తాయి. ఆ పట్టీకి కింద, చేత్తో తడిమితే గరుకుగా తగిలే చిన్న తెల్ల గవ్వలు అతుక్కుని ఉన్నచోట చాప పరిచారంటే, మీరు సముద్రం అడుగున కూర్చున్నట్టే. ఇసుక మీద ఎండిన నాచు గీత నిన్నటి పోటు ఎక్కడిదాకా వచ్చిందో చూపిస్తుంది. పట్టికలో అంకె రోజురోజుకూ పెరుగుతున్న వారంలో నేటి నీరు ఆ గీత దాటుతుంది. పడవలు దించే ఏటవాలు గట్టు మీద కారు పెట్టొద్దు. ఆ గట్టు కింది సగం పచ్చగా నాచు పట్టి ఉంటుంది, తాతయ్యలూ అమ్మమ్మలూ జారిపడేది ఎక్కువగా అక్కడే.

నడిచి వెళ్లే దీవులు

కారంటెక్ దగ్గరి కల్లో దీవికీ, సెయింట్ మాలో ముందున్న గ్రాఁ బే దీవికీ ఆటులో దారి తేలుతుంది, పోటులో మునుగుతుంది. దారి మొదట్లో బోర్డు మీద ఆ రోజు వేళలు ఉంటాయి. బ్రిటనీకి దక్షిణాన వాఁదే జిల్లాలో నువార్మూతియే దీవికి వెళ్లే గువా దారి 4 కిలోమీటర్లు పైచిలుకు. ఆటుకు గంటన్నర ముందు నుంచి గంటన్నర తరవాత దాకానే దాన్ని దాటాలి. ఎదురుగాలి, వానరోజు అయితే ఆ వ్యవధి ఇంకా కుదించుకోండి, ఎందుకంటే వాయుపీడనం తగ్గినా, గాలి ఒడ్డుకు తోసినా నీరు పట్టికలో రాసిన ఎత్తును మించుతుంది. కారుకు ముప్పు అక్కర్లేదనుకుంటే 1971లో కట్టిన వంతెన ఉంది. ఫొటో కోసమే అయితే ఒడ్డునుంచి చూసినా గువా బాగుంటుంది.

మోఁ సెయింట్ మిషేల్ అఖాతాన్ని మాత్రం గైడు లేకుండా నడిచి దాటే ఆలోచనే వద్దు. అక్కడ ఊబి ఉంది, మంచు కమ్మితే దిక్కు తెలియదు. కాలు దిగబడితే నిటారుగా పీకకూడదు. వెనక్కి వాలి బరువును వెడల్పు చేసి, కాలును అటూ ఇటూ కదిలిస్తూ నీరు లోపలికి దిగనిచ్చి మెల్లగా లాగాలి.

జెండాలు, చల్లటి నీరు

2022లో ఫ్రాన్సు జెండాలు మారాయి, పాత వివరాలు ఇంకా చాలాచోట్ల తిరుగుతున్నాయి. ఆకుపచ్చ: లైఫ్‌గార్డు ఉన్నారు, ప్రత్యేకమైన ప్రమాదం లేదు. పసుపు: లైఫ్‌గార్డు ఉన్నారు కానీ ప్రమాదం ఉంది. ఎరుపు: దిగకూడదు. ఊదారంగు: నీటి కాలుష్యం, లేదా హాని చేసే జీవులు. పైన ఎరుపు కింద పసుపు ఉన్న రెండు జెండాల మధ్యే స్నానాల చోటు. కర్ర మీద ఏ జెండా లేకపోతే క్షేమమని కాదు, చూసేవాళ్లు లేరని అర్థం. చిన్న పల్లెల్లో లైఫ్‌గార్డులు ఎక్కువగా జులై, ఆగస్టుల్లోనే ఉంటారు, అదీ బోర్డు మీద రాసిన గంటల్లోనే. నారింజ రంగు గాలిగొట్టం ఎగరేశారంటే గాలితో నింపిన బొమ్మలూ పరుపులూ నీటిలో పెట్టొద్దని. ఒడ్డునుంచి లోపలికి వీచే గాలిలో నీరు నున్నగా, ముద్దుగా కనిపిస్తుంది, పరుపు మీది పిల్లాడు మీరు ఈదే వేగం కన్నా ముందుపోతాడు. పోయిన బంతి కోసం, పరుపు కోసం ఎవరూ ఈదొద్దు. పోతే పోయింది.

వేసవిలోనూ ఇక్కడి నీరు ఇంచుమించు 15 నుంచి 19 డిగ్రీలు. ఒక్కసారిగా దూకితే ఊపిరి ఎగబీల్చి నీరు మింగుతారు. మెడ, చేతులు, పొట్ట తడుపుకుంటూ మెల్లగా దిగాలి. ఎండలో పడుకుని లేచిన వెంటనే, కడుపునిండా తిన్న వెంటనే వద్దు. పెదాలు నీలం తిరగకముందే, మొదటి వణుకుకే పిల్లల్ని బయటికి తీయండి. పొట్టి చేతుల రబ్బరు ఈతదుస్తులు పిల్లలకు తప్పనిసరి అనే మా అభిప్రాయం. మన ఊళ్లో లాగా చీరతో, చుడీదార్‌తో నడుము లోతుకు దిగడం ఇక్కడ పనికిరాదు. తడి నూలుబట్ట బరువెక్కి కాళ్లకు చుట్టుకుంటుంది, బయటికొచ్చాక గాలికి ఒంట్లో వేడి లాగేస్తుంది. పెద్దవాళ్లు పాదాలు తడుపుకున్నా పొడి బట్టలు ఒక జత సంచిలో ఉండాలి.

ఇసుకలో, రాళ్లలో

వీవ్ అనే చిన్న చేప ఆటు వేళ ఇసుకలో ముళ్లు మాత్రం పైకి పెట్టి దాక్కుంటుంది. తొక్కితే తేలు కుట్టినంత మంట. అందుకే నీటిలోనూ గట్టి అడుగున్న చెప్పులు. కుడితే ముల్లు తీసి, 40–45 డిగ్రీల వేడినీటిలో కనీసం అరగంట పాదం ముంచాలి. ఆ విషం వేడికి పాడవుతుంది. వేడి ఎంతుందో పెద్దవాళ్లు తమ చేయి పెట్టి చూసుకోవాలి, నొప్పిలో ఉన్న పిల్లకు కాలేది తెలియదు. ఊపిరి ఆడకపోతే, ముఖం వాస్తే వైద్య అత్యవసర నంబరు 15కు ఫోన్ చేయండి.

ఆటులో గవ్వలు, ఆల్చిప్పలు ఏరడం ఊరంతా చేసే పని. ఏరేముందు బోర్డు చూడండి. నిషేధం ఉంటే అది ఊరికే పెట్టింది కాదు, నాచునుంచి గవ్వల్లో చేరే విషాలు కొన్ని ఎంత ఉడికించినా పోవు. మసెల్స్ అనే నల్ల పెంకు ఆల్చిప్పలైనా, ఇసుకలో దొరికే పలూర్ద్ ఆల్చిప్పలైనా 4 సెంటీమీటర్లకు తక్కువవి తీయకూడదు. తిరగేసిన రాయిని మళ్లీ అలాగే పెట్టండి. రాళ్ల దగ్గర వంగి ఏరేవాళ్లకే పోటు కనపడదు, ఒకరు నిలబడి నీటినే చూస్తూ ఉండాలి.

సెయింట్ బ్రియూ అఖాతం, సెయింట్ మిషేల్ ఆఁ గ్రేవ్, దువార్నెనే వైపు ఆకుపచ్చ నాచు గుట్టలు కొట్టుకొస్తాయి. కుళ్లితే పైన తెల్లటి పొర కట్టి లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ పట్టి ఉంచుతాయి. 2009లో సెయింట్ మిషేల్ ఆఁ గ్రేవ్‌లో అలాంటి చోట దిగబడి ఒక గుర్రం చచ్చిపోయింది, దాని మీది మనిషికి స్పృహ తప్పింది. కుళ్లిన కోడిగుడ్డు వాసన తగిలిన క్షణం వెనక్కి నడవండి. వాసన తగ్గిందని ముందుకెళ్లొద్దు, ఎక్కువ మోతాదులో ఆ వాయువు ముక్కునే మొద్దుబారుస్తుంది.

బ్రిటనీ వదిలి నైరుతి ఫ్రాన్సులోని లాఁద్ తీరానికి వెళ్తే బెడద వేరు. అక్కడ ఒడ్డు పక్కనే పిల్లల మడుగులా కనిపించే బైన్ గుంటలు ఉంటాయి, వాటి నీరు ఒక సందులోంచి సముద్రంలోకి బలంగా లాగుతుంది. లాగితే ఎదురీదొద్దు, తేలుతూ చేయెత్తి సాయం అడగండి, లాగుడు తగ్గాక పక్కకు ఈదండి. మధ్యధరా వైపు ఆటుపోట్లు లేనట్టే, అక్కడ భయం గాలిది.

పల్లె అంటే పల్లే

హోటళ్లు మధ్యాహ్నం రెండు దాటితే వంటగది కట్టేస్తాయి, బేకరీకి వారంలో ఒక రోజు సెలవు. ఆటు ఒంటిగంటకు పడిన రోజు తిండి సంచిలోనే ఉండాలి. శాకాహారులు గాలెట్ అనే అక్కడి అట్టు అడిగేటప్పుడు హామ్, గుడ్డు వద్దని విడివిడిగా చెప్పాలి. సెలవురోజు ఏ మందుల షాపు తెరిచి ఉందో 3237 నంబరు చెబుతుంది.

సముద్రంలో ఆపదకు 196, మామూలు అత్యవసరాలకు 112. తీరానికి దిగేముందు, పేరున్న బోర్డును ఫొటో తీసుకోండి. ఫోన్ చేసినప్పుడు ఊరు, తీరం పేరు, ఎంతమంది, అందులో పిల్లలెందరు, నీరు ఎక్కడిదాకా ఉంది, ఈ వరసలో చెప్పండి. దీవి మీద చిక్కుబడితే నీటిలో దిగి దాటే ప్రయత్నం చేయకుండా ఎత్తయిన చోటికి ఎక్కి, పిల్లలకు పొడి బట్టలు తొడిగి, చీకటి పడేలోగా 196కు చెప్పి అక్కడే ఉండండి. గువా దారిలో చిక్కితే దారి పక్కన మెట్లున్న ఎత్తైన స్తంభాలు ఉన్నాయి. కారు వదిలేసి పిల్లల్ని ముందు వాటిమీదికి ఎక్కించండి.