వంటగట్టు కింద ఊడదీసే తలుపు అమర్చే పద్ధతి

నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ భయం వల్ల తాగే నీటికి ఆర్‌ఓ యంత్రం పెట్టుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. మిషన్ భగీరథ నల్లా వచ్చిన తరువాత కూడా గిన్నెలు కడగడానికీ, బట్టలకూ బోరు నీళ్లే వాడే కుటుంబాలకు కొదువ లేదు. ఈ నీటిలోని సున్నం యాంగిల్ వాల్వుల మరల మీద తెల్లగా పేరుకుంటుంది, ప్రీఫిల్టర్ క్యాండిల్‌ను మూసివేస్తుంది, సింకు కింది పైపుల కీళ్లను బిగదీస్తుంది. కాబట్టి గట్టు కింద ఎక్కడో ఒక మూలన, ఏడాదికి మూడు నాలుగు సార్లు మాత్రమే చేయి పెట్టవలసిన అర ఒకటి ప్రతి వంటింట్లోనూ ఉంటుంది. ఆ అరకు మామూలు మడత బందుల తలుపు పెడితే, ఎదురుగా ఉన్న ఫ్రిజ్ లేదా గ్రైండర్ అడ్డం వచ్చి సగమే తెరుచుకుంటుంది, లేదా తెరిచిన తలుపే పనివాడి భుజానికి అడ్డు తగులుతుంది. అసలు తలుపే పెట్టకుండా పలకను మేకులతో కొట్టేస్తే, ప్లంబర్ వచ్చిన మొదటి రోజే అది పగులుతుంది. వీటికి బదులు, మొత్తంగా తీసి పక్కన పెట్టగల తలుపును ఎలా చేసుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ఈ తలుపు సూత్రం ఒక్కటే. బరువును మోసే పని కింది అంచుకు అప్పగించాలి, ముందుకు పడకుండా పట్టి ఉంచే పని మాత్రమే పై అంచుకు ఇవ్వాలి. ఈ రెండు పనులనూ ఒకే బిగింపు మీద వేసిన చోటల్లా తలుపు కొన్ని నెలల్లో జారుతుంది. నాలుగు మూలలా అయస్కాంతాలు పెట్టి వదిలేసిన పలకలు కొద్దికొద్దిగా కిందికి దిగి అంచులు నేలకు రాసుకోవడానికి కారణం ఇదే: ఎదురుగా లాగినప్పుడు గట్టిగా నిలిచే అయస్కాంతం, పక్కకు గానీ కిందికి గానీ జారే బరువును అంత గట్టిగా ఆపలేదు. అందువల్ల కింద రెండు లోహపు పిన్నులు, పైన రెండు మ్యాగ్నెట్ క్యాచర్లు పెట్టే పద్ధతినే నేను అన్నిటికంటే ముందు సూచిస్తాను.

కొలతలు తీసే ముందు లోపల ఏముందో చూడాలి. అరలోంచి బయటికి రావలసిన వస్తువుల్లో అన్నిటికంటే పెద్దది ఏదో గుర్తించి, అది వంకర తిప్పకుండా బయటికి వచ్చేంత వెడల్పు ఉండేలా ఖాళీని నిర్ణయించాలి. పది అంగుళాల ప్రీఫిల్టర్ ఉంటే దాని గిన్నె కిందికి తిరిగి ఊడుతుంది కనుక గిన్నె కింద కనీసం రెండంగుళాల జాగా, చుట్టూ ప్లాస్టిక్ పానా తిరగడానికి చోటు కావాలి. ఫిల్టర్‌ను ముందే తక్కువ ఎత్తులో బిగించి ఉంటే, తలుపు పని మొదలుపెట్టక ముందే దాన్ని పైకి జరిపించుకోవడం మంచిది. గ్యాస్ సిలిండర్ రెగ్యులేటర్‌ను, గ్యాస్ పైపు వాల్వును మాత్రం ఇలాంటి తలుపు వెనక ఎన్నడూ దాచకూడదు. గ్యాస్ గాలికంటే బరువైనది కనుక మూసిన అరలో నేల మట్టాన నిలిచిపోతుంది, పైగా ప్రమాద సమయంలో పలకను ఊడదీసే వ్యవధి ఉండదు. విద్యుత్ మెయిన్ స్విచ్చుకూ ఇదే నియమం వర్తిస్తుంది.

మన ప్రాంతపు వంటగట్లు చాలావరకు ఇటుక గోడల మీదో, నిలబెట్టిన షాబాదు బండల మీదో గ్రానైట్ పలక పరిచి కట్టినవి. ఆ బండలు సరిగ్గా నిలువుగా ఉండవు. పైన ఇరవై నాలుగు అంగుళాలున్న ఖాళీ కింద ఇరవై మూడున్నరే ఉండవచ్చు. కాబట్టి వెడల్పును పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఎత్తును ఎడమన, నడుమ, కుడిన మూడు చోట్ల కొలిచి, రెండు కర్ణాలను కూడా టేపుతో సరిచూడాలి. కర్ణాల మధ్య తేడా మూడు మిల్లీమీటర్లు దాటితే తలుపును వంకరగా కోయడం కంటే, చుట్టూ ఒకటిన్నర అంగుళం వెడల్పున్న చెక్క చట్రాన్ని మూలమట్టం పెట్టి సరిగా బిగించి, బండకూ చట్రానికీ మధ్య సందును సన్నని చెక్క ముక్కలతో నింపడం తేలిక. పై అడ్డపట్టీ మాత్రం బండలు ఎంత సరిగా ఉన్నా వేయవలసిందే. అయస్కాంతాలు బిగించడానికి అది ఆధారం. అంతకంటే ముఖ్యంగా, ముందుకు పొడుచుకు వచ్చిన గ్రానైట్ అంచు తలుపును పైకి ఎత్తేటప్పుడు తగలకుండా ఆ ఒకటిన్నర అంగుళం చోటు కాపాడుతుంది. చట్రానికి వాడే చెక్కకు నేలను తాకే అంచున చెదల మందు పూయడం మరువరాదు.

పలకకు 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ సరిపోతుంది. సింకు పక్కన కాబట్టి ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ రకం తీసుకోవాలి. ఐఎస్ 303 గుర్తున్న మామూలు రకంలో కూడా తడిని తట్టుకునే బీడబ్ల్యూఆర్ తరగతి ఉంది కానీ, చుక్కలు పడే చోట మొదటిదే మేలు. పార్టికల్ బోర్డు ఇక్కడ పనికిరాదు. ఒకసారి తడిసి ఉబ్బిందంటే అది మళ్లీ మామూలు స్థితికి రాదు. సన్‌మైకాను ముందువైపు మాత్రమే అంటిస్తే పలక ఒక పక్కకు వంగుతుంది, అలా వంగిన తలుపును ఏ అయస్కాంతమూ సరిగా పట్టలేదు. అందుచేత వెనకవైపు కూడా పలుచని లామినేట్ వేయాలి. రెండడుగుల వెడల్పు, రెండుంపావు అడుగుల ఎత్తున్న ఇలాంటి పలక సుమారు ఐదారు కిలోలు తూగుతుంది, అంటే ఒకరు రెండు చేతులతో సులువుగా తీయగల బరువే. అంతకంటే చాలా పెద్ద ఖాళీ ఉంటే ఒకే తలుపుగా కాక రెండుగా చేయడం నయం.

తలుపు చట్రం లోపలికి ఇమిడేలా చేస్తే అందంగా ఉంటుంది, దెబ్బ తగలదు. అప్పుడు పక్కల రెండువైపులా మూడేసి మిల్లీమీటర్లు, కింద రెండు, పైన మూడు వదలాలి. ఉదాహరణకు ఖాళీ 610 వెడల్పు, 686 ఎత్తు ఉంటే, అంచుపట్టీలతో కలిపి పలక 604 వెడల్పు, 681 ఎత్తు రావాలి. పైన మూడు మిల్లీమీటర్లే చాలునా అన్న సందేహం రావచ్చు. పలక కింది అంచు మీద నిలిచి ముందుకు వాలేటప్పుడు దాని వెనక పై మూల ఎంత పైకి లేస్తుందో లెక్క వేస్తే అర మిల్లీమీటరు కూడా లేదు, కాబట్టి వాలడానికి అది ధారాళమైన సందే. ఎండాకాలం ఎండి కుంచించుకొని, వానాకాలంలో తడికి కొంచెం ఉబ్బే చెక్క చట్రానికి కూడా ఆ మిగులు అవసరం.

ఇక పిన్నుల పని. తలుపు జీవితమంతా దీని మీద ఆధారపడి ఉంటుంది కనుక తొందరపడకూడదు. ఎనిమిది మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ స్టీలు లేదా ఇత్తడి కడ్డీని 35 మిల్లీమీటర్ల ముక్కలుగా రెండు కోయించుకోవాలి. మామూలు ఇనుము సింకు కింద తుప్పుపట్టి బెజ్జంలో ఇరుక్కుపోతుంది. పలక కింది అంచులో రెండు చివరల నుంచి నాలుగేసి అంగుళాలు వదిలి, మందానికి సరిగ్గా నడిమిన గుర్తు పెట్టి, మొదట మూడు మిల్లీమీటర్ల బిట్టుతో, తరువాత ఎనిమిది మిల్లీమీటర్ల బిట్టుతో 25 మిల్లీమీటర్ల లోతుకు బెజ్జం వేయాలి. ప్లైవుడ్ అంచులో డ్రిల్ చేసేటప్పుడు పొరలు విడిపోతాయి, కాబట్టి ఆ చోట రెండువైపులా చెక్క ముక్కలు పెట్టి క్లాంపుతో బిగించి ఉంచడం తప్పనిసరి.

పిన్నులను అప్పుడే అంటించకూడదు. ముందు చట్రం కింది పట్టీ మీద వాటి స్థానాన్ని గుర్తించాలి, టేపుతో కొలిచి పెట్టిన గుర్తు ఎంత జాగ్రత్తపడినా ఒక మిల్లీమీటరు తప్పుతుంది. పాత వడ్రంగుల ఉపాయం దీనికి చక్కగా పనికివస్తుంది: ఎనిమిది మిల్లీమీటర్ల కర్ర ముక్కలు రెండు తీసుకొని, ఒక్కొక్క దాని నడుమ చిన్న మేకు దించి, తల కత్తిరించి మొన పదును చేసి, ఆ మొన రెండు మిల్లీమీటర్లు బయటికి ఉండేలా బెజ్జాల్లో దూర్చాలి. తలుపును దాని స్థానంలో నిలిపి, పక్క సందులు సమానంగా ఉండేలా మూడు మిల్లీమీటర్ల మందమున్న అట్టముక్కలు దూర్చి, పైనుంచి గట్టిగా ఒకసారి అదమాలి. కింది పట్టీ మీద రెండు చుక్కలు పడతాయి. అక్కడ తొమ్మిది మిల్లీమీటర్ల బిట్టుతో పన్నెండు మిల్లీమీటర్ల లోతుకు బెజ్జాలు వేసి, రెండింటిలో ఒకదాన్ని ఉలితో పొడవు దిశలో రెండు మిల్లీమీటర్లు సాగదీయాలి. పలక వెడల్పులో వచ్చే స్వల్ప మార్పును ఆ సాగిన బెజ్జం భరిస్తుంది, తలుపు పెట్టేవారికి కూడా రెండో పిన్ను వెతుక్కోవలసిన పని తప్పుతుంది. కింద చెక్కపట్టీ లేకుండా గ్రానైటో టైల్సో ఉంటే రాయిని తొలవనవసరం లేదు. అంగుళం మందమున్న చెక్కపట్టీని సిలికాన్‌తోనో ఎపాక్సీతోనో అంటించి, ఆరిన తరువాత అందులో బెజ్జాలు వేసుకోవచ్చు. అయితే పట్టీ మందాన్ని ముందే లెక్కలోకి తీసుకొని పలక ఎత్తును తగ్గించుకోవాలి.

ఇప్పుడు పిన్నుల బయటి కొసలను ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, పది మిల్లీమీటర్లు బయటికి ఉండేలా ఎపాక్సీతో పలకలో అంటించాలి. ప్రతి పిన్నుకూ రెండు మిల్లీమీటర్ల మందమున్న ప్లాస్టిక్ వాషర్ తొడగాలి. పలక ఆ వాషర్ల మీద నిలబడటం వల్ల కింది అంచు తడి పట్టీని తాకదు, ప్లైవుడ్ నీళ్లు తాగదు. పట్టీలోని బెజ్జాల లోపలికి కూడా సన్నని కుంచెతో వార్నిష్ రెండుసార్లు పట్టించాలి.

పైన మ్యాగ్నెట్ క్యాచర్లను అడ్డపట్టీ వెనకవైపు, మూలల నుంచి మూడేసి అంగుళాల లోపలికి బిగించాలి. వాటికి ఉండే పొడవాటి స్క్రూ బెజ్జాలు ముందుకూ వెనక్కూ జరుపుకోవడానికే కాబట్టి తలుపు ముఖం చట్రంతో సమంగా వచ్చేదాకా స్క్రూలను పూర్తిగా బిగించకూడదు. తలుపు వెనక వేసే ఇనుప రేకు స్క్రూను చివరి పావు చుట్టు తిప్పకుండా వదిలితే రేకు కొద్దిగా కదులుతూ అయస్కాంతం ముఖానికి తానే సమంగా ఆనుకుంటుంది. మరీ బలమైన అయస్కాంతాలు కోరుకోవద్దు; లాగడానికి ఎక్కువ బలం పెట్టవలసి వస్తే తలుపు ఒక్కసారిగా ఊడి ఒళ్లో పడుతుంది. తలుపు లోపలికి పడిపోకుండా నిలువు పట్టీల వెనక, సగం ఎత్తులో చిన్న చెక్క ఆనులు ఒక్కొక్కటి వేయాలి.

పట్టుకోవడానికి పిడి బిగిస్తే ఇంట్లోవారు దాన్ని మామూలు తలుపు అనుకొని లాగుతారు. పై అంచుకు రెండంగుళాల కింద, నడిమిన ఒక వేలు దూరేంత, అంటే 25 నుంచి 30 మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రం చేసి, లోపలివైపు బొద్దింకలు రాకుండా సన్నని స్టీలు జాలీ అంటిస్తే చాలు. జాలీని రంధ్రానికి అరంగుళం వెనక, చిన్న చెక్క చట్రం మీద బిగిస్తే వేలు మడవడానికి చోటు ఉంటుంది. మూసి ఉన్న అరలోని తేమ గాలి కూడా ఆ దారినే కొంత బయటికి పోతుంది. తీసే పద్ధతి ఇలా ఉంటుంది: వేలితో పై అంచును రెండంగుళాలు ముందుకు లాగాలి, రెండో చేయి కింది భాగానికి వేయాలి, తరువాత నిటారుగా పైకి ఎత్తాలి. అంతకు మించి వాల్చితే పిన్నులు బెజ్జాల అంచులను ఒరుసుకుంటాయి. ఇంట్లో పసిపిల్లలుంటే పలక వెనక నుంచి చట్రానికి ఒక చిన్న గొలుసు కొక్కెంతో వేస్తే, తలుపు పొరపాటున ఊడినా పాదాల మీద పడదు.

పిల్లల చేతికి అసలే తెరుచుకోకూడని చోట, ఉదాహరణకు ఆర్‌ఓ అడాప్టరు, ప్లగ్గు లోపలే ఉన్నప్పుడు, పైన అయస్కాంతాల బదులు రెండు బోల్టులు వాడాలి. చెక్క స్క్రూలు పదిసార్లు ఊడదీసి బిగిస్తే పట్టు కోల్పోతాయి. అందుకే పై పట్టీలో వెనకవైపు నుంచి ఆరు మిల్లీమీటర్ల టీ నట్లు (చెక్కలోకి దిగి నిలిచే పళ్లున్న లోహపు నట్లు) దించి, వాటిలోకి దిగే బోల్టులను ముందు నుంచి వేయాలి. అప్పుడు తలుపు పై భాగం చట్రం మీదికి ఎక్కేలా పలకను కొంత పొడవుగా కోసుకోవలసి ఉంటుంది. కింది పిన్నులు మాత్రం ఇందులోనూ అలాగే ఉంటాయి.

నెలకోసారి తెరవవలసిన అరకు ఈ పద్ధతి విసుగు పుట్టిస్తుంది. ముందు జాగా ఉంటే క్లిప్-ఆన్ రకం మడత బందులు తీసుకోవాలి. మామూలు రోజుల్లో తలుపులా తెరుచుకుంటాయి, అవసరమైనప్పుడు వెనక మీట నొక్కితే పలక మొత్తం చేతికి వస్తుంది. వాటికి పలకలో 35 మిల్లీమీటర్ల గుంత తొలవాలి, దానికి తగిన బిట్టు పనివారి దగ్గర ఉందో లేదో ముందే అడగాలి.

అన్నీ బిగించాక తలుపును వరుసగా కొన్నిసార్లు తీసి పెట్టి చూసి, ఎక్కడైనా రాసుకుంటే ఆ అంచును ఆకురాయితో సరిచేసిన తరువాతే చివరి వార్నిష్ వేయాలి. పలక వెనకవైపు శాశ్వత మార్కరుతో పై అంచు ఏదో బాణం గుర్తు పెట్టి, ముందుగా ఏ వాల్వు మూయాలో, ఫిల్టర్ ఏ తేదీన మార్చారో రాస్తూ ఉండాలి; కొత్త సర్వీసు మనిషి వచ్చినప్పుడు ఇంటివారు ఊళ్లో లేకపోయినా అతనికి కావలసిన సమాచారం అక్కడే దొరుకుతుంది.