పాలు, పెరుగు మానేశాక ప్రోటీన్ చాలట్లేదా? తేడా ఎక్కడుందో చూడండి

ముందు లెక్క తెలియాలి. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పిన ప్రకారం పెద్దవాళ్లకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు.

సమస్య: కడుపునిండా తిన్నా రెండు గంటలకే మళ్లీ ఆకలి

కారణం: "రోజూ పప్పు తింటున్నాం కదా" అంటారు. ఎంత పప్పు? నలుగురికి కుక్కర్‌లో పడేది 100 గ్రాముల కందిపప్పయితే తలా పాతిక గ్రాములు. అందులో ప్రోటీన్ ఐదారు గ్రాములే. పప్పుచారయితే ఇంకా పలచన. పైగా ఇదివరకు చివర్లో పెరుగన్నం, పొద్దున ఓ గ్లాసు పాలు కలిసి పది గ్రాములకు పైనే ఇచ్చేవి. వాటి స్థానంలోకి ఏమీ రాలేదు.

పరిష్కారం: ఉడికిన పప్పు గిన్నెను చూసి మోసపోవద్దు, ఎండుపప్పు తూకం చూడండి. పొద్దున 50 గ్రాముల పెసలతో పెసరట్లు వేసుకుంటే 12 గ్రాములు, పక్కన పల్లీ చట్నీతో ఇంకో నాలుగైదు. మధ్యాహ్నం ముద్దపప్పు తలా 40 గ్రాములు పడేలా వండితే 9. రాత్రి 30 గ్రాముల మీల్ మేకర్ కూరలో 15 దాకా ఉంటాయి. ఇక అన్నం, జొన్నరొట్టె ఇచ్చేదీ కలిస్తే 50 దాటేస్తుంది. అన్నంలో తక్కువగా ఉండే లైసిన్‌ను (ప్రోటీన్‌లో ఉండే ఒక అమైనో ఆమ్లం) పప్పు భర్తీ చేస్తుంది. రెండూ ఒకే పూట తినాలన్న టెన్షన్ అక్కర్లేదు, రోజు మొత్తంలో పడితే చాలు.

ఉలవచారును మాత్రం ఈ లెక్కలో వేసుకోకండి. అది ఉలవలు ఉడికించిన నీళ్లతో చేసేది. ప్రోటీన్ చాలావరకు గింజల్లోనే మిగిలి, పశువుల దాణాలోకి పోతుంది. ఉలవ గుగ్గిళ్లు తినండి.

సమస్య: బాదం పాలు తాగుతున్నా లాభం లేదు

కారణం: ప్యాకెట్ బాదం పాలలో నీళ్లే ఎక్కువ. పరిష్కారం: చక్కెర కలపని సోయా పాలు కొనండి, 100 మిల్లీలీటర్లకు సుమారు 3 గ్రాములుంటాయి.

సమస్య: పప్పులు పెంచగానే గ్యాస్

కారణం: మన పేగులు అరిగించుకోలేని కొన్ని చక్కెరలు వీటిలో ఉంటాయి. పరిష్కారం: శనగలు, రాజ్మా రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కొత్త నీళ్లలో మెత్తగా ఉడికించండి. ఒక్కసారిగా పెంచకుండా పెసరపప్పుతో మొదలుపెట్టండి. మీల్ మేకర్‌ను వేడినీళ్లలో నానబెట్టి గట్టిగా పిండితే పచ్చివాసన కూడా పోతుంది.

సమస్య: లెక్క సరిపోయినా నీరసం, అరికాళ్లలో తిమ్మిర్లు

ఇక్కడ ప్రోటీన్‌ను అనుమానించడం దండగ. విటమిన్ బి12 లోపం కావచ్చు, అది ఏ పప్పులోనూ దొరకదు. రక్తపరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్పిన మోతాదులో మాత్రలు వేసుకోవాలి. అసలు వీగన్లు (పాలు, గుడ్లు, మాంసం ఏవీ ముట్టనివాళ్లు) లక్షణాల కోసం ఎదురుచూడకుండా మొదటి నుంచే బి12 తీసుకోవడం మంచిది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లయితే పైన చెప్పినట్టు పప్పు పెంచే ముందే డాక్టర్‌ను అడగాలి.