పక్షులనూ వన్యప్రాణులనూ ఫోటో తీయడం ఎలా?

కెమెరా కనిపిస్తే మనుషులు జుట్టు సర్దుకుంటారు. పక్షులు చోటు సర్దుకుంటాయి, అదీ పక్క చెట్టు మీద. బతిమాలితే ఆగవు, కోప్పడితే అసలే ఆగవు. అందుకే ఈ పనిలో కెమెరా కన్నా ముందు నేర్చుకోవలసింది వాటి అలవాట్లు. పక్షి ఏం చేయబోతుందో ఒక్క క్షణం ముందు తెలిస్తే మామూలు కెమెరాతోనూ మంచి ఫోటో వస్తుంది. తెలియకపోతే ఎంత పొడవాటి లెన్స్ ఉన్నా ఖాళీ కొమ్మే పడుతుంది.

1. ముందు కెమెరా దించి చూడండి

లకుముకి పిట్టతో మొదలుపెట్టడం తేలిక. నీటి ఒడ్డున తనకు నచ్చిన కొమ్మ మీద కూర్చుని, అక్కడి నుంచి దూకి, చేపను పట్టుకుని చాలాసార్లు మళ్లీ ఆ కొమ్మకే వస్తుంది. దాని వెంట పరుగెత్తనక్కరలేదు. కొమ్మ మీద ముందే ఫోకస్ కుదుర్చుకుని కూర్చుంటే చాలు.

అసలు నాటకం అది తిరిగి వచ్చాక మొదలవుతుంది. ముక్కున అడ్డంగా కరచుకున్న చేపను మెడ విసురుతూ కొమ్మకేసి ఈ పక్కకోసారి, ఆ పక్కకోసారి బాదుతుంది. నీటి చుక్కలు చెదురుతాయి. చేప కదలిక ఆగాక దాన్ని ముక్కుతోనే కొద్దికొద్దిగా తిప్పి, తల ముందు లోపలికి పోయేలా సర్దుకుని మింగుతుంది. తోక వైపు నుంచి మింగితే ముళ్లూ పొలుసులూ గొంతుకు అడ్డం పడతాయి మరి. ఫోటోకు ఈ తిప్పే క్షణమే ముఖ్యం. బాదడం ఆగిందంటే మీ వేలు బటన్ మీద ఉండాలి. ఒకవేళ చేప తలను బయటి వైపు ఉంచి పట్టుకుందంటే, అది తనకు కాదు, పిల్లకో జతకో తీసుకెళుతోందన్నమాట. అప్పుడు వెంటపడకండి. గూడు దగ్గరలోనే ఉండవచ్చు.

ఇలాంటి సూచనలు ప్రతి పక్షిలోనూ ఉంటాయి. గద్ద, డేగ, కొంగ వంటివి ఎగరబోయే ముందు తరచుగా రెట్ట వేస్తాయి. మర్యాదస్తులు చూపు తిప్పుకునే ఆ సమయంలోనే మీ కన్ను వ్యూఫైండర్‌కు ఆనించాలి. పక్షులు సాధారణంగా గాలికి ఎదురుగా లేస్తాయి, గాలికి ఎదురుగానే వాలతాయి. గాలీ ఎండా రెండూ మీ వీపు వైపు ఉండేలా నిలబడితే అవి మీకు ముఖం చూపిస్తూ లేస్తాయి, వెలుగూ వాటి మీదే పడుతుంది.

నడిచే పావురం తల ఊపుతున్నట్టు కనిపిస్తుంది కదా! నిజానికి అది తలను ముందుకు చాచి, ఒళ్లు వచ్చి కలిసేదాకా అక్కడే కదలకుండా నిలుపుతుంది, చూపు చెదరకుండా. 1978లో పరిశోధకులు పావురాలను ట్రెడ్‌మిల్ ఎక్కించి మరీ చూశారు. చుట్టూ ఉన్న దృశ్యం వెనక్కి జరగకపోయేసరికి అవి తల ఊపడం మానేశాయి. వరుసగా నాలుగైదు క్లిక్‌లు కొడితే, తల నిలిచిన ఆ క్షణాల్లో ఒకటైనా స్పష్టంగా పడుతుంది.

2. దగ్గరికి వెళ్లడం

తిన్నగా నడిచి వెళ్లేది వేటాడే జంతువు. మీరు అలా వెళ్లకండి. ఏటవాలుగా నాలుగు అడుగులు వేసి ఆగండి, కూర్చోండి, వేరే ఎటో చూడండి, మళ్లీ కదలండి. ఆకుల రంగు చొక్కా కొనే ముందు ఒక్క మాట: పక్షులు మనకన్నా ఎక్కువ రంగులు చూస్తాయి, చాలా జాతులకు అతినీలలోహిత కాంతి కూడా కనిపిస్తుంది. చొక్కా సంగతి అటుంచి, కదలకుండా ఉండడం ఎక్కువ పని చేస్తుంది. జింకల వంటి జంతువులకు ఎరుపు సరిగా తెలియదు గానీ వాసన మాత్రం బాగా తెలుస్తుంది. అందుకే వాటి దగ్గర గాలి సూత్రం తలకిందులు: జంతువు వైపు నుంచి మీ వైపు గాలి వీయాలి.

మనిషి ఆకారం కనిపించకపోతే చాలా ప్రాణులు అంతగా బెదరవు. 1900 ప్రాంతంలో ఇంగ్లండ్‌కు చెందిన కియర్టన్ సోదరులు లోపల డొల్లగా ఉన్న ఎద్దు బొమ్మలో దూరి పక్షులను ఫోటో తీశారు. మీకు అంత సాహసం అక్కరలేదు. కారు దిగకుండా, ఇంజిన్ ఆపి, కిటికీలోంచి తీయండి.

తింటున్న పక్షి తినడం ఆపి, మెడ సాచి మీ వైపే చూస్తుంటే అక్కడితో ఆగాలి. ఇంకో అడుగు వేస్తే ఎగిరిపోతుంది. గూళ్ల దగ్గరికి మాత్రం వెళ్లనే వద్దు. మీరు అక్కడున్నంతసేపూ పిల్లలకు తిండి అందదు, మిమ్మల్ని చూసి కాకులకు గూటి జాడ తెలుస్తుంది. తల్లి ఊరుకుంటుందన్న నమ్మకమూ లేదు. బ్రిటిష్ ఫోటోగ్రాఫర్ ఎరిక్ హాస్కింగ్ 1937లో గుడ్లగూబ గూటి దగ్గర మాటులోకి వెళుతుండగా అది దాడి చేయడంతో ఒక కన్ను పోగొట్టుకున్నారు. ఆ తరువాత కూడా ఆయన దశాబ్దాల పాటు పక్షులనే ఫోటో తీశారనుకోండి, అది వేరే విషయం.

3. కెమెరా అమరిక

కూర్చున్న పక్షికి సెకనులో 500వ వంతు షట్టర్ వేగం (షట్టర్ తెరుచుకుని ఉండే సమయం) సరిపోతుంది, ఎగిరేదానికి 2000వ వంతు ఉండాలి. అపెర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రాన్ని, పూర్తిగా తెరవండి. ఐఎస్ఓను, అంటే వెలుగుకు కెమెరా స్పందించే స్థాయిని, కెమెరాకే వదిలేయండి. ఫోటోలో రవ్వలాంటి చుక్కలు కనిపించినా పరవాలేదు, మసక మాత్రం ఎవరూ బాగుచేయలేరు. ఆటోఫోకస్ కదిలే వస్తువును వెంటాడే పద్ధతిలో ఉండాలి. లెన్స్ ఫోకల్ లెంగ్త్ (దూరాన్ని దగ్గరగా చూపే శక్తిని తెలిపే కొలత) 400 మిల్లీమీటర్లు ఉంటే హాయి. తక్కువ ఉంటే మనుషులకు అలవాటుపడిన పిచ్చుకలనూ ఉడుతలనూ ఎంచుకోండి.

తెల్ల కొంగ నల్లటి నీటి ముందు నిలబడితే కెమెరా ఆ నలుపును చూసి వెలుగు పెంచేస్తుంది. ఈకలన్నీ కలిసిపోయి తెల్లటి మరక మిగులుతుంది. ఎక్స్‌పోజర్‌ను (ఫోటోలో పడే వెలుగును) ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గించండి. తెల్లని ఆకాశం ముందు ఎగిరే గద్దకైతే ఒక స్టాప్ పెంచండి.

4. కన్ను దొరకాలి

కన్ను స్పష్టంగా, చిన్న వెలుగు చుక్కతో ఉంటే మిగతా లోపాలు చాలావరకు కప్పబడిపోతాయి. కెమెరాను ఆ కంటి ఎత్తుకు దించండి. బాతు కోసమైతే నేల మీద పడుకోవాలి, దుస్తుల మీద ఆశ వదులుకోవాలి. పక్షులకు మూడో రెప్ప ఒకటుంటుంది, కంటికి అడ్డంగా జరిగే పలచని పొర. అది పడిన క్షణంలో క్లిక్ చేస్తే ఎంత చురుకైన డేగైనా నిద్రమత్తులో ఉన్నట్టు కనిపిస్తుంది. కాబట్టి ఒక్క ఫోటోతో ఆగకండి.

గుడ్లగూబ మీకు వీపు చూపిస్తోందా? లేచిపోకండి. దాని కళ్లు గుంటల్లో తిరగవు. ఆ లోటు తీర్చడానికి మెడను 270 డిగ్రీల దాకా తిప్పగలదు. ఒళ్లు కదపకుండానే మీ వైపు చూస్తుంది, దానికి బుద్ధి పుట్టినప్పుడు.

5. ఇంటికి వచ్చాక

వందల్లో తీస్తారు, పది ఉంచుకుంటారు. మసకవి, మూడో రెప్పవి ముందు తీసేయండి. తోక మాత్రమే పడ్డవాటిని మాత్రం తొందరపడి తొలగించకండి. ఉల్లంకి పిట్టల్లో కొన్ని జాతులను విప్పిన తోక అంచు ఈకలను బట్టే కచ్చితంగా వేరు చేస్తారు. పక్షుల నిపుణులు ముఖం ఫోటో పక్కన పెట్టి, తోక ఫోటో ఉందా అని అడుగుతారు.