ఫ్రెంచ్ ప్రేమకవితను, పాటను ఇంగ్లీషులోకి తేవడం ఎలా?

ఫ్రెంచిలో ఒకే శబ్దంతో ముగిసే మాటలు బోలెడు. ఇంగ్లీషులో ‘లవ్’కి జోడీ వెతకండి: డవ్, గ్లవ్, అబవ్ దగ్గరే బండి ఆగిపోతుంది. అయినా అనువాదం మొదలుపెట్టగానే అందరూ ప్రాస మీదే పడతారు. కవితలో ఏ విషయం ఎప్పుడు బయటపడుతోంది అన్నది ముందు, ప్రాస ఆఖరున. ఈ వరస తిరగబడితే పదాలు మిగులుతాయి, ప్రేమ పోతుంది.

1. చదవడానికా, పాడడానికా తేల్చుకోండి

ఈ రెండూ వేర్వేరు పనులు. ఫ్రెంచ్ గాయని ఎడిత్ పియాఫ్ రాసి పాడిన ‘లా వీ ఆఁ రోజ్’లో ఆమె ప్రియుడి గురించి ‘అతను’ అని చెప్పుకుంటుంది. దానికి మ్యాక్ డేవిడ్ రాసిన ఇంగ్లీషు పాటలో అతనే ‘నువ్వు’ అయిపోయాడు. ఫ్రెంచ్ కవి జాక్ ప్రెవేర్ రాసిన ‘లే ఫెయ్ మోర్త్’ పాటలో, విడిపోయిన ప్రేమికుల అడుగులను ఇసుక మీంచి సముద్రం చెరిపేస్తుంది. దాన్నే జానీ మెర్సర్ ఇంగ్లీషులో రాసిన ‘ఆటమ్ లీవ్స్’లో ఆ సముద్రం లేదు, ఎండకు కమిలిన చేతులున్నాయి. పాటలుగా రెండూ నిలబడ్డాయి. మూలంలో ఏముందో తెలుసుకోవాలనుకునే పాఠకుడికి మాత్రం ఇవి చాలవు.

కొత్తవాళ్లు చదివే కవితతో మొదలుపెట్టడం మేలు, అదీ చిన్నదైతే. నా సలహా ఫ్రెంచ్ కవయిత్రి మార్సెలిన్ దెబోర్ద్-వల్మోర్ రాసిన ‘లే రోజ్ ద సాది’. ఆమె 1859లో చనిపోయింది, కవిత 1860లో అచ్చయింది. మొత్తం 9 పాదాలే. సారాంశం ఇది: పొద్దున నీకు గులాబీలు తెద్దామనుకుని నడికట్టులో కుక్కుకున్నాను, ముడులు తెగాయి, పువ్వులు గాలికెగిరి సముద్రంలో పడ్డాయి, ఈ సాయంత్రం నా బట్టలకింకా ఆ వాసనుంది, వచ్చి పీల్చు. పారశీక కవి సాదీ ‘గులిస్తాన్’ ముందుమాటలోని చిన్న కథ దీనికి మూలం.

2. గట్టిగా చదువుతూ అక్షరాలు లెక్కపెట్టండి

ఈ కవిత పాదానికి 12 అక్షరాలు (రాసేవి కాదు, పలికేవి, అంటే సిలబుల్స్), సాధారణంగా ఆరింటి దగ్గర విరుపు. ముడులు తెగే పాదం చూడండి: ‘లె-నొ-జోఁ-తే-క్లా-తే / లె-రో-జ-జాఁ-వో-లే’. మామూలు మాటల్లో ‘రోజ్’ ఒక్క అక్షరమే. పద్యంలో దాని చివరున్న మూగ ‘అ’ కూడా లెక్కలోకొచ్చింది. పాటల్లోనూ అంతే, ఆ మూగ అక్షరానికి తరచు ఒక స్వరం దక్కుతుంది. దీన్ని వదిలేస్తే మీ లెక్క మొదట్లోనే తప్పుతుంది.

ముడులు తెగడం సరిగ్గా విరుపు దగ్గర ఉండడం గమనించారా? వాక్యం అక్కడే ముగుస్తుంది. ఇంగ్లీషులో ప్రాస కోసం ఈ పాదాన్ని అటూ ఇటూ తిప్పితే ఆ తెగడం కాస్తా నలిగిపోతుంది.

3. ముక్కస్య ముక్కగా వచనం రాసుకోండి

అందం అక్కర్లేదు, ప్రతి పాదం కింద అర్థం ఉంటే చాలు. పక్కన మూడు సంగతులు గుర్తు పెట్టుకోండి.

ఒకటి, ‘త్యు’నా ‘వూ’నా? నువ్వు, మీరు తేడా మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇంగ్లీషులో రెండూ ‘యూ’నే. ఫ్రెంచ్ కవి రోన్సార్ 1578లో ఎలెన్ అనే ఆమెకు రాసిన ప్రసిద్ధ సానెట్‌లో (14 పాదాల కవిత) ఆమెను ‘మీరు’ అనే అంటాడు. ఆ దూరాన్ని వాక్యం నడకలో చూపించాలి, కాస్త మర్యాదగా, కాస్త నిదానంగా.

రెండు, విశేషణాల లింగం. మాట్లాడేది ఆడో మగో ఒక్కోసారి చివరి అక్షరమే చెబుతుంది. ఇంగ్లీషులో అది మాయమవుతుంది.

మూడు, ఉచ్చులు. ‘ఎమే’ అంటే ప్రేమించడం, దానికి ‘బియాఁ’ చేర్చితే ఇష్టపడడం దగ్గరికి దిగిపోతుంది. ‘బేజే’ నామవాచకమైతే ముద్దు, నేటి వాడుకలో క్రియ అయితే బూతు. పాత కవితలో క్రియ కూడా ముద్దే. నిఘంటువు చూడకుండా దాటకండి, పరువు పోతుంది.

4. చివరి పాదం ముందు రాయండి

మన కవిత ‘సూవ్‌నీర్’, అంటే జ్ఞాపకం, దగ్గర ఆగుతుంది. ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు పెడితే ‘బ్రీద్ ఆన్ మీ ద ఫ్రేగ్రంట్ మెమరీ ఆఫ్ దెమ్’. ఆఖర్న ‘దెమ్’ వేలాడుతోంది. ‘బ్రీద్, హియర్ ఆన్ మీ, దెయిర్ ఫ్రేగ్రంట్ మెమరీ’ అంటే జ్ఞాపకం తన చోటికి వచ్చింది, అక్షరాలూ 10 అయ్యాయి. ఇంగ్లీషు చెవికి అలవాటైన పొడవు అదే. ‘హియర్’ మూలంలో లేదు, నిజమే. కానీ పీల్చేది తన ఒంటి మీదనే అన్న బిగువు దానివల్ల నిలిచింది కాబట్టి నేనైతే ఉంచుతాను. తర్వాత పై పాదాలన్నీ దీనికి తగ్గట్టు దిద్దుకుంటూ పోవచ్చు. ప్రాస తనంతట తాను దొరికితే సంతోషం. దొరక్కపోతే ‘మెమరీ’, ‘సీ’ లాంటి సగం జోడీలతో సరిపెట్టుకోండి.

5. పాటైతే ట్యూన్ మీద పెట్టి పాడండి

ఫ్రెంచిలో ఒత్తు, అంటే పలికేటప్పుడు ఇచ్చే ఊనిక, పదాల గుంపు చివర పడుతుంది. ఇంగ్లీషులో ప్రతి మాటకూ తన ఒత్తు తనకుంది. ‘ఫర్‌గెట్’లో తాళం ‘ఫర్’ మీద పడితే వినేవాళ్లు నవ్వుతారు. సాగే స్వరం కింద ‘స్టే’, ‘గో’ లాంటి తెరిచిన మాటలు పెట్టాలి, ‘కిస్’ని సాగదీస్తే పాము బుసలా ఉంటుంది. ట్యూన్‌కి సాహిత్యం రాసే మన సినిమా కవులకిది రోజూ ఉన్న తలనొప్పే.

6. ప్రచురించే ముందు

ఫ్రాన్స్‌లో కాపీరైట్ సాధారణంగా రచయిత మరణించాక 70 ఏళ్లు, మన దేశంలో 60. ప్రెవేర్ పోయింది 1977లో, కాబట్టి అనుమతి తప్పనిసరి. ఇంకోటి: ఐరిష్ కవి యేట్స్, పైన చెప్పిన రోన్సార్ సానెట్ మొదలు తీసుకుని, పూర్తిగా వేరే దారిన ‘వెన్ యూ ఆర్ ఓల్డ్’ రాశాడు. మీరూ అంత దూరం వెళ్లిపోతే కింద ‘అనువాదం’ అని కాకుండా ‘ఫలానా కవిత ఆధారంగా’ అని వేయండి.