ఇనప మంచం ఇంట్లోనే బిగించుకునేది ఎట్ల, కిర్రుమనకుండా

పోయిన ఎండాకాలం మా అమ్మకి ఇనప మంచం తెప్పించినాం, మోకాళ్ల నొప్పులతో కింద చాప మీద నుంచి లేసేది ఆమెకి శానా కష్టమైపోయింది. రెండు అట్టపెట్టెల్లో వచ్చింది, బిగించే మనిషిని పంపిస్తామన్నోళ్లు నాలుగు రోజులైనా పంపలేదు, ఇంగ నేనూ మా బామ్మర్దీ కూర్చుని బిగించేసినాం. బిగించినాం గానీ తప్పు బిగించినాం. పక్కకి తిరిగితే చాలు కిర్రుమంటాంటే, పిల్లోళ్లు లేస్తారేమోనని అమ్మ రాత్రంతా కదలకుండా ఒకే పక్క పడుకుందంట, పొద్దున టీ తాగేటప్పుడు చెప్పింది. ఆ మాట విన్నాక కడుపులో అదోలా అయిపోయి ఆ రోజే మొత్తం విప్పి మళ్లీ బిగించినా. ఆ తర్వాత ఇక్కడ అనంతపురంలోనే మా చుట్టాల ఇండ్లల్లో ఇంకో మూడు మంచాలు బిగించినా, ఏదీ చప్పుడు చేయలేదు, కాబట్టి నాకు తెలిసింది రాస్తాండా.

ముందు కొలతలు. క్వీన్ సైజ్ అంటే మామూలుగా 78 ఇంచీల పొడవు 60 వెడల్పు, కింగ్ అయితే 78కి 72, కానీ 72, 75 పొడవు పరుపులు కూడా అమ్ముతారు, అందుకే సైజు పేరు నమ్ముకోవద్దండి, పరుపునీ మంచం లోపలి భాగాన్నీ టేపు పెట్టి కొలవండి. పరుపు రెండు మూడు ఇంచీలు పొట్టిదైతే కాళ్ల దగ్గర సందు పడి జరుగుతానే ఉంటుంది.

మంచం యాడ ఉండాలో ఆ చోటే కూర్చుని బిగించాల. హాల్లో జాగా ఉందని అక్కడ బిగించి రూంలోకి ఎత్తుకుపోదామంటే తలుపులో పట్టదు, పట్టినా ఈడ్చినప్పుడు జాయింట్లన్నీ లూజ్ అవుతాయి. కింద పాత బొంత పరుచుకోండి, పైపుల మీద పౌడర్ కోటింగ్ గీసుకుపోదు, గీసుకుపోయిన చోట ఇల్లు తుడిచిన తడి తగిలి తుప్పు మొదలవుతుంది. పెట్టెలో ఎల్ ఆకారం కీ ఒకటి ఇస్తారు, దాంతో పని అవుతుంది గానీ చెయ్యి నొస్తుంది. బోల్టు తల ఆరు పలకలుగా బయటికి ఉంటే పానా కావాల, ఎమ్ 8 అంటే 8 మిల్లీమీటర్ల లావు బోల్టుకి 13 నంబర్, ఎమ్ 6కి 10 నంబర్ సరిపోతుంది. మిషన్‌తో బిగించొద్దండి, పైపు లోపల వెల్డింగ్ చేసిన నట్టు పల్చగా ఉంటుంది, దాని మర, అంటే బోల్టు పట్టుకునే చుట్టు గాట్లు, ఒక్కసారి పోయిందంటే ఆ మూల ఇంగ నిలబడదు.

బోల్టులన్నీ పొడవును బట్టి వేరే వేరే గిన్నెల్లో పోసుకోండి. పొట్టిది పట్టాల్సిన చోట పొడుగుది పెడితే లోపల అడుగుకి తగిలి ఆగిపోతుంది, బిగిసిందనుకుంటాం, నిజానికి రెండు ముక్కల మధ్య సందు అట్లే ఉంటుంది. వాషర్లకి కూడా వరస ఉంది. బోల్టు తల కింద చుట్ట తెగినట్టుండే స్ప్రింగ్ వాషరు, దాని కింద చదును వాషరు, చదునుదే పైపుకి ఆనాల.

ఇప్పుడు అసలు సంగతి. మా అవ్వ కాలం మంచానికైనా ఈ ఇనప మంచానికైనా ఉండేవి అవే, తలవైపు ఒకటి, కాళ్లవైపు ఒకటి, వాటిని కలిపే రెండు పట్టెలు, కింద కోళ్లు. తలవైపుది ఒకరు నిలబెట్టి పట్టుకుంటే ఇంకొకరు పట్టెని కలపాల, ఒక్కరే చేయొద్దు, అది పక్కకి పడితే కాలి మీదే పడుతుంది. బోల్టుని వేళ్లతోనే తిప్పండి. ముందు ఎడమకి రోంత వెనక్కి తిప్పితే ఒక చోట టిక్కుమని చిన్నగా లోపలికి కూర్చుంటుంది, చేతికి తెలుస్తుంది, అక్కడ్నుంచి కుడికి తిప్పితే మర నేరుగా పట్టుకుంటుంది. మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిరగాల, తిరగలేదంటే వంకర పోతాందని అర్థం, వెనక్కి తీయండి, బలం పెట్టొద్దు. ఇట్ల నాలుగు మూలలూ, అన్ని బోల్టులూ సగమే పెట్టి వదిలేయాల, మంచం ఊగుతాంటే ఊగనీయండి. మేం చేసిన తప్పు ఇక్కడే, మొదటి మూల కీ పెట్టి గట్టిగా బిగించేసినాం, నాలుగో మూలకి వచ్చేసరికి రంధ్రాలు కలవలేదు, సుత్తితో కొట్టి కలిపినాం, ఆ కొట్టిన మూలే రాత్రంతా కిర్రుమనింది.

అన్నీ పెట్టినాక మూలమట్టం చూడాల. టేపు లేకపోతే నూలు దారం చాలు, తలవైపు ఎడమ మూల నుంచి కాళ్లవైపు కుడి మూలకి పట్టి ముడి వేసుకుని, అదే దారం రెండో అడ్డానికి పెట్టి చూడండి, రెండూ ఒకటే రావాల. 78కి 60 మంచానికి ఈ అడ్డం దాదాపు 98 ఇంచీలన్నర వస్తుంది, అంకె ముఖ్యం కాదు, రెండూ సమానంగా ఉండేదే ముఖ్యం. ఒకటి ఎక్కువొస్తే ఆ రెండు మూలలూ పట్టుకుని లోపలికి నెట్టండి, బోల్టులు లూజుగా ఉన్నాయి కాబట్టి సులభంగా జరుగుతుంది. అప్పుడు కీ పెట్టి ఒక మూల తర్వాత ఎదురు మూల, రోంత రోంత బిగించుకుంటా రెండు మూడు రౌండ్లు పోవాల.

మన ఇండ్లల్లో ఇంకో తలనొప్పి ఉంది, నేల. తాడిపత్రి బండలో కడప బండలో పరిచిన పాత ఇండ్లల్లో ఒక బండ ఎత్తు ఒక బండ పల్లం ఉంటుంది, మంచం ఎంత చక్కగా బిగించినా ఒక కోడు గాల్లోనే ఉంటుంది, పడుకున్నప్పుడల్లా ఫ్రేము మెలి తిరిగి జాయింట్లు వదులవుతాయి. ప్రతి కోడు కిందా పోస్టుకార్డు దూర్చి చూడండి, దూరిన కోడుకి ఆ సందు పోయేంత మందం రబ్బరు ముక్క పెట్టండి, అట్టముక్క పెడితే తడికి నానిపోతుంది. మధ్య కోళ్లు మర్చిపోవద్దు, అడుగున తిప్పే మర ఉంటే నేలకి ఆనేదాకా దించి ఆపేయాల, ఇంకా తిప్పితే నడుమ భాగం పైకి లేస్తుంది. అవి నేలకి ఆనకపోతే పెద్ద మంచం నడుమ కుంగుతుంది.

చప్పుడు అంటే ఇనుము ఇనుముని రాసుకునేదే. సైకిల్ షాపులో పాత ట్యూబు అడిగితే ఇస్తారు, వేలెడు వెడల్పు ముక్కలు కత్తిరించి, పరుపు కింద వచ్చే అడ్డపట్టీలు పట్టె మీద కూర్చునే ప్రతి చోటా పెట్టండి. పైన ప్లైవుడ్ వేసేవాళ్లు దాని కింద కూడా పెట్టాల. కొబ్బరి నూనె పూస్తే పోతుందని చెప్తారు, రెండు రోజులు పోతుంది, తర్వాత దుమ్ము పట్టి జిడ్డు మిగులుతుంది, నేనైతే వద్దంటా.

ఎత్తు సంగతి పెద్దోళ్ల కోసం చెప్తాండా. పరుపు వేసినాక అంచున కూర్చుంటే పాదాలు రెండూ నేలకి పూర్తిగా ఆనాల, మోకాలు తుంటి కంటే పైకి పోకూడదు. మా అమ్మకి పరుపుతో కలిపి 19 ఇంచీలు సరిపోయింది, మీ ఇంట్లో ఆమెనే కూర్చోబెట్టి చూసి పరుపు మందం తీసుకోండి.

బిగించిన పదిహేను రోజులైనాక ఒకసారి పరుపు ఎత్తి అన్ని బోల్టులూ మళ్లీ బిగించాల, బరువు పడినాక కొత్త జాయింట్లు కుదురుకుని రవ్వంత వదులవుతాయి. మిగిలిన బోల్టులూ ఆ ఎల్ కీ కవర్లో వేసి తలవైపు పట్టె లోపలి పక్క గట్టిగా కట్టేయండి, ఇల్లు మారేటప్పుడు వెతకాల్సిన పని లేకుండా మంచంతో పాటే వస్తాయి.