ఎరువు నీళ్లలో పీపీఎం లెక్క ఎలా చూసుకోవాలి?

మిద్దె తోటల్లో ఆకుల అంచులు మాడిపోతే ముందుగా ఎండను తిడతారు. చాలాసార్లు తప్పు ఎండది కాదు, బకెట్లో కలిపిన ఎరువుది. "ఓ చెంచా వేశాను" అంటారు. ఆ చెంచా నిండుగానా, తలకొట్టా? పొడి తేమ పట్టి ఉందా? చెంచాతో ఎరువు కొలవకూడదు.

కావలసినవి కొద్దే. 0.1 గ్రాము తేడా చూపే చిన్న డిజిటల్ కాటా, లీటర్ల గీతలున్న ప్లాస్టిక్ బకెట్, నీళ్లలో కరిగే 19:19:19 పాకెట్. నీళ్లలో కరిగిన ఉప్పులు చూపే టీడీఎస్ మీటరు తర్వాతైనా కొనుక్కోవచ్చు, కాటా మాత్రం ముందే ఉండాలి.

పాకెట్ మీది అంకెలు వరసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు. లీటరు నీళ్లలో ఒక మిల్లీగ్రాము ఉంటే అది 1 పీపీఎం. కాబట్టి లీటరుకు వేసిన గ్రాములను శాతంతోనూ, ఆపైన 10తోనూ గుణిస్తే పీపీఎం వస్తుంది. లీటరుకు 1 గ్రాము 19:19:19 వేస్తే నత్రజని 190 పీపీఎం. భాస్వరం, పొటాష్ అంకెలు ఆక్సిజన్ కలిసిన ఆక్సైడ్ లెక్కలో ఇస్తారు. అసలు భాస్వరం తెలియాలంటే 0.44తో, పొటాషియం తెలియాలంటే 0.83తో గుణించాలి. అంటే భాస్వరం దాదాపు 83, పొటాషియం దాదాపు 158 పీపీఎం.

ఒక శాతం అంటే లీటరుకు గ్రాము అనుకునేవాళ్లు ఎందరో. కాదు, 10 గ్రాములు. పత్తి మీద 13:0:45 పిచికారీకి చెప్పే ఒక శాతం మోతాదు ఆకులకు. దాన్నే తెచ్చి కుండీలో పోస్తే వేర్లు దెబ్బతింటాయి. కుండీలకు వారానికోసారి లీటరుకు 1 గ్రాము, అంతే.

ఇక అందరూ బోర్లాపడేది టీడీఎస్ మీటరు దగ్గర. అది చూపే పీపీఎం, పైన మనం లెక్కగట్టిన పీపీఎం ఒకటి కావు. మీటరుకు నత్రజని ఏదో, ఉప్పు ఏదో తెలియదు. నీళ్లలో కరెంటు ఎంత సులువుగా పారుతుందో కొలుస్తుంది. దాన్నే ఈసీ అంటారు. ఆ ఈసీని కొన్ని మీటర్లు 500తో, కొన్ని 700తో గుణించి పీపీఎం అని చూపిస్తాయి. ఈసీ 1.2 (మిల్లీసీమెన్స్/సెం.మీ.) ఉన్న ఒకే బకెట్ నీళ్లు ఒక మీటరులో 600, ఇంకో మీటరులో 840. "800 పెట్టండి" అని ఎవరైనా సలహా ఇస్తే, ఏ మీటరు మీద అని అడగండి. ఈసీ అంకె చూపని మీటరు అసలు కొనకండి.

నమ్మకం కుదరకపోతే ఇంట్లోనే చూడండి. లీటరు ఆర్వో నీళ్లలో గ్రాము యూరియా కరిగించి మీటరు ముంచండి. అంకె దాదాపు కదలదు. కానీ యూరియాలో నత్రజని 46 శాతం, అంటే ఆ నీళ్లలో 460 పీపీఎం ఉంది! యూరియా కరిగినా కరెంటు మోసే అయాన్లుగా విడిపోదు కాబట్టి మీటరుకు కనపడదు. 19:19:19 పాకెట్ వెనక చదవండి, అందులోని నత్రజనిలో కొంత యూరియా రూపంలో ఉండొచ్చు. మీటరు తక్కువ చూపిస్తోందని ఇంకో చెంచా వేసేవాళ్లు మొక్కను చంపుకునేది ఇక్కడే. మోతాదు కాటాతో తేల్చాలి. మీటరు పని నీళ్లలో మొత్తం ఉప్పు హద్దు దాటిందా అని చూడటం వరకే.

అందుకే ఎరువు వేయకముందే ఒకసారి నీళ్లను కొలవాలి. బోరు నీళ్లు 700 చూపి, కలిపాక 1300 చూపితే ఎరువు వల్ల పెరిగింది 600. అయినా వేరు మోసేది మొత్తం 1300నీ. అలాంటి నీళ్లయితే ఎరువు సగానికి తగ్గించండి, లేదా పట్టి ఉంచిన వాన నీళ్లు సగం కలపండి.

కలపడంలో కష్టమేమీ లేదు. ముందు నీళ్లు, తర్వాత పొడి, కరిగేదాకా కలియబెట్టడం. కాల్షియం నైట్రేట్ వాడేవాళ్లు మాత్రం దాన్ని 19:19:19 ఉన్న బకెట్లో వేయకండి. చిక్కగా కలిస్తే కాల్షియం, భాస్వరం కలిసి తెల్లటి మడ్డిగా అడుక్కి చేరతాయి. దాన్ని ఇంకో రోజు, ఇంకో బకెట్లో ఇవ్వండి. నెలకోసారి ఎరువేమీ లేని నీళ్లు కుండీ అడుగు రంధ్రంలోంచి బాగా కారేదాకా పోయండి.