పీహెచ్‌డీ గైడు తిప్పిపంపిన అధ్యాయానికి జవాబు రాసేముందు పాటించవలసిన జాగ్రత్తలు

అంచుల నిండా ఎర్రసిరా గీతలతో అధ్యాయం తిరిగివచ్చిన రోజునే గైడుకు జవాబు రాయకండి. ఒక రాత్రి గడవనివ్వండి.

మరునాడు ప్రతి వ్యాఖ్యనూ నోటుపుస్తకంలోకి ఎత్తిరాసుకుని, ‘ఈ గ్రామాలనే ఎందుకు ఎంచుకున్నారు?’ వంటి జవాబు చెప్పదగిన ప్రశ్నలను ఒక పక్కన, ‘ఇదీ ఒక పరిశోధనేనా?’ వంటి విసుర్లను మరో పక్కన ఉంచితే, చేయవలసిన పని ఎంతో అది తేటపడుతుంది. నా పుస్తకంలో రెండో వరుస ఎప్పుడూ పొట్టిగానే తేలింది.

నోటిమాటగా చెప్పిన మార్పులను తేదీతో సహా మెయిల్‌లో రాసి ధ్రువపరచుకోండి.

యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ప్రతి సెమిస్టరులోనూ పరిశోధన సలహా సంఘం ఎదుట ప్రగతిని వివరించవలసి ఉంటుంది కనుక, గైడుతో తెగని చిక్కును అక్కడ ప్రస్తావించండి. అయితే పద్ధతి గురించే మాట్లాడండి, మనిషి గురించి కాదు.

నిద్రా ఆకలీ వారాల తరబడి చెడితే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయడానికి సంకోచించకండి.